వాడిన ట్రాక్టర్లకు సరైన ఫిల్టర్ల గుర్తింపు – ఎంపిక

కొత్త ట్రాక్టరు కొనే స్తోమత లేని చిన్న, సన్నకారు రైతులకు వాడిన ట్రాక్టరే అందుబాటులో ఉన్న యంత్రశక్తి. పది పదిహేనేళ్లు పనిచేసి, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారిన ట్రాక్టరుతో పాటు కంపెనీ ఇచ్చిన వాడకపు పుస్తకం గానీ, సర్వీసు వివరాలు గానీ సాధారణంగా రావు. కొనేటప్పుడు రైతు టైర్లు, బ్యాటరీ, లిఫ్టు, ఇంజను శబ్దం పరిశీలిస్తాడు. ఫిల్టర్ల వంక చూసేవారు తక్కువ. మొదటిసారి ఆయిలు మార్చే రోజున స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి ఫలానా కంపెనీ ట్రాక్టరుకు ఫిల్టరు కావాలని అడుగుతాడు. దుకాణదారుడు ఇచ్చినది తెచ్చి బిగిస్తాడు. మర ఎక్కింది, ఆయిలు కారడం లేదు కాబట్టి పని పూర్తయిందని భావిస్తాడు.

ఇక్కడే నష్టానికి బీజం పడే అవకాశం ఉంది. ఫిల్టరును నిర్ణయించేది ఇంజను, దానిపై ఉన్న ఫిల్టరు పీఠం. బానెట్ మీద రాసి ఉన్న పేరు దారి చూపవచ్చు గానీ తుది నిర్ణయానికి చాలదు. మర ఎక్కిన ఫిల్టరు లోపల ఉండవలసిన కవాటం లేకపోవచ్చు, వడపోత కాగితం తగినంత సూక్ష్మంగా ఉండకపోవచ్చు, రబ్బరు రింగు పీఠం మీద పూర్తిగా కూర్చోకపోవచ్చు. ఈ లోపాలేవీ ఆ రోజు బయటపడవు. నెలల తరబడి బేరింగులు, లైనర్లు, ఇంజెక్షను పంపు అరిగిన తరువాత, తరచుగా దమ్ము లేదా దుక్కుల పని ముమ్మరంగా ఉన్న సమయంలోనే బయటపడతాయి. కొన్ని వందల రూపాయల వస్తువు ఎంపికలో జరిగిన పొరపాటుకు ఇంజను విప్పి బాగుచేయించే ఖర్చును, ఆ సీజనులో కోల్పోయిన పనిదినాలను మూల్యంగా చెల్లించవలసి వస్తుంది. కాబట్టి సరైన ఫిల్టరును గుర్తించే క్రమపద్ధతిని విస్తరణ శాస్త్రవేత్తలు, వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులు తెలుసుకొని రైతులకు అందించడం అవసరం.

ట్రాక్టరు పేరు ఎందుకు చాలదు?

ఒకే పేరుతో వచ్చిన ట్రాక్టర్లలో వేర్వేరు ఇంజన్లు ఉండటం ట్రాక్టర్ల చరిత్రలో కొత్త విషయం కాదు. ఇంగ్లండులో తయారైన మాసే ఫెర్గూసన్ 35 ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తొలినాళ్ల డీజిలు ట్రాక్టర్లలో స్టాండర్డ్ కంపెనీ వారి నాలుగు సిలిండర్ల ఇంజను ఉండేది. 1959లో పెర్కిన్స్ కంపెనీని మాసే ఫెర్గూసన్ కొనుగోలు చేసింది. ఆ కాలం నుంచే ఈ ట్రాక్టరులో పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజను అమరింది. బయటికి రెండూ ఒకే ట్రాక్టరు. ఫిల్టర్ల విషయంలో మాత్రం రెండూ వేర్వేరు యంత్రాలు.

మన దేశంలోనూ ట్రాక్టరు తయారీదారు, ఇంజను తయారీదారు ఎల్లప్పుడూ ఒకరే కారు. టాఫే సంస్థ మాసే ఫెర్గూసన్ పేరుతో తయారుచేసే ట్రాక్టర్లలో చెన్నైకి చెందిన సింప్సన్ ఇంజన్లు విరివిగా కనిపిస్తాయి. స్వరాజ్ ట్రాక్టర్ల కోసం ఇంజన్లు తయారుచేసే స్వరాజ్ ఇంజన్స్ సంస్థ కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సాంకేతిక సహకారంతో ఏర్పడింది. కాలక్రమంలో కంపెనీల యాజమాన్యాలు కూడా మారాయి. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం 2005లో టాఫే చేతికి వచ్చింది. స్వరాజ్ ట్రాక్టర్లు తయారుచేసే పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 2007లో మహీంద్రా ఆధీనంలోకి వెళ్లింది. చెకోస్లవేకియాకు చెందిన జెటార్ సహకారంతో మొదలైన హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీ పూర్తిగా నిలిచిపోయింది. ఎస్కార్ట్స్ తయారుచేసిన ఫోర్డ్ ట్రాక్టర్ల వారసత్వం తరువాత ఫార్మ్‌ట్రాక్ పేరుతో కొనసాగింది. ఇటువంటి మార్పులు జరిగినప్పుడు విడిభాగాల సంఖ్యలు మారవచ్చు. పాత సంఖ్య స్థానంలో కొత్త సంఖ్య రావచ్చు. దుకాణదారుని వద్ద ఉన్న పట్టికలో పాత నమూనా అసలే లేకపోవచ్చు.

వీటికి తోడు గ్రామాల్లో జరిగే మార్పులున్నాయి. ఇంజను పాడైతే మరొక ట్రాక్టరు నుంచి తీసిన ఇంజను ఎక్కించడం, ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు తీసి పొడి రకం అమర్చడం, ఎలిమెంటు రకం ఆయిల్ ఫిల్టరు పీఠాన్ని మార్చి డబ్బా రకం బిగించడం మెకానిక్కులకు పరిపాటి. ఇటువంటి ట్రాక్టరుకు కంపెనీ పట్టికలో ఉన్న ఫిల్టరు సంఖ్య సరైనదే అయినా ఆ బండికి సరిపోదు.

దీనికి భిన్నమైన స్థితి కూడా ఉంది. ఇంగ్లండుకు చెందిన సి.ఎ.వి. కంపెనీ 296 రకం డీజిలు ఎలిమెంటు అనేక కంపెనీల ట్రాక్టర్లకు, ఇంజన్లకు ఉమ్మడిగా వాడుకలోకి వచ్చింది. అంటే ఒకే పేరున్న ట్రాక్టర్లకు వేర్వేరు ఫిల్టర్లు కావలసి రావచ్చు, వేర్వేరు పేర్లున్న ట్రాక్టర్లకు ఒకే ఫిల్టరు సరిపోవచ్చు. రెండు సందర్భాలలోనూ నిర్ణయాత్మకమైనవి ఇంజను గుర్తింపు, కొలతలు మాత్రమే.

గుర్తింపులో అనుసరించవలసిన క్రమం

మొదట ట్రాక్టరు మీద ఉన్న గుర్తింపు పలకను శుభ్రం చేసి నమూనా, తయారీ సంవత్సరం, ఛాసిస్ సంఖ్య రాసుకోవాలి. ఆ తరువాత ఇంజను దిమ్మె మీద చెక్కిన సంఖ్యను వెతకాలి. గ్రీజు, మట్టి, రంగు పొరల కింద ఇది దాగి ఉంటుంది. డీజిలుతో తుడిచి, వైరు బ్రష్షుతో సున్నితంగా శుభ్రపరచి, సుద్దముక్కతో రుద్దితే అంకెలు స్పష్టమవుతాయి. ఈ రెండు సంఖ్యలను రిజిస్ట్రేషను ధ్రువపత్రంలోని సంఖ్యలతో సరిపోల్చాలి. ఇంజను సంఖ్య కలవకపోతే ఇంజను మారిందని అనుమానించాలి. అటువంటి ట్రాక్టరుకు ఫిల్టరు ఎంపిక చేయడానికి ముందు ఆ ఇంజను ఏ నమూనాకు చెందినదో తేల్చుకోవాలి. ఇది యాజమాన్య హక్కుల దృష్ట్యా కూడా ముఖ్యమైన పరిశీలన.

రెండవ దశలో ఆ ఇంజనుకు సంబంధించిన విడిభాగాల పుస్తకాన్ని అధీకృత డీలరు వద్ద చూడాలి. పుస్తకంలో ఫలానా ఇంజను సంఖ్య వరకు ఒక ఫిల్టరు, ఆపై సంఖ్యలకు మరొక ఫిల్టరు అని సూచించే సందర్భాలుంటాయి. కాబట్టి నమూనా పేరుతో సరిపెట్టుకోకుండా ఇంజను సంఖ్యతోనే వెతకాలి. సంఖ్య చివర ఉన్న అక్షరాలను కూడా వదలకుండా రాసుకోవాలి.

మూడవ ఆధారం పరీక్షా నివేదిక. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు విడుదల చేస్తుంది. ఆ నివేదికల సాంకేతిక వివరాల భాగంలో ఎయిర్ క్లీనరు, డీజిలు ఫిల్టర్లు, ఆయిల్ ఫిల్టరు ఏ రకమైనవో నమోదై ఉంటాయి. వాడకపు పుస్తకం లేని ట్రాక్టరు విషయంలో కంపెనీ మొదట ఏ అమరికతో పంపిందో తెలుసుకోవడానికి ఈ నివేదికలు విస్తరణ శాస్త్రవేత్తలకు నమ్మదగిన ఆధారం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ కూడా తెలుగు ప్రాంతపు శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు అందుబాటులో ఉంది.

బండికి ఉన్న పాత ఫిల్టరును చివరి ఆధారంగానే పరిగణించాలి. దాని మీద ఉన్న సంఖ్యను రాసుకోవడం అవసరమే. అయితే గత యజమాని పొరపాటున తప్పు ఫిల్టరు బిగించి ఉంటే దాన్ని చూసి కొన్న కొత్త ఫిల్టరు కూడా తప్పే అవుతుంది. పుస్తకం, నివేదిక, పాత ఫిల్టరు మూడూ ఒకే విషయాన్ని చెప్పినప్పుడు సందేహానికి తావుండదు. వాటిలో తేడా వస్తే ఇంజను పీఠాన్ని కొలిచి నిర్ణయించాలి.

ఇంజను ఆయిల్ ఫిల్టరు

ఆయిల్ ఫిల్టర్లు రెండు రకాలు. లోహపు గిన్నెలో కాగితపు ఎలిమెంటును ఉంచి మధ్య బోల్టుతో బిగించేది ఎలిమెంటు రకం. మొత్తం డబ్బాను విప్పి పారవేసి కొత్తది మరతో తిప్పి బిగించేది డబ్బా రకం. డబ్బా రకం కొనేటప్పుడు ఐదు అంశాలను పరిశీలించాలి.

మొదటిది మర. ట్రాక్టర్లలో అంగుళాల కొలత మరలు, మెట్రిక్ మరలు రెండూ కనిపిస్తాయి. 3/4 అంగుళం వ్యాసంలో అంగుళానికి 16 చుట్లున్న మరను, 20 మి.మీ. వ్యాసంలో 1.5 మి.మీ. అంతరం ఉన్న మెట్రిక్ మరను కంటితో వేరుచేయడం కష్టం. 3/4 అంగుళం అంటే 19.05 మి.మీ.; అంగుళానికి 16 చుట్లు అంటే చుట్టుకు చుట్టుకు మధ్య 1.59 మి.మీ. పీఠం మీది మొల 20 మి.మీ. ఉండి ఫిల్టరు మర 3/4 అంగుళం అయితే అది ఎక్కనే ఎక్కదు, పొరపాటు వెంటనే తెలుస్తుంది. ప్రమాదం దీనికి విరుద్ధమైన స్థితిలో ఉంది. మొల 3/4 అంగుళం ఉండి ఫిల్టరు మర 20 మి.మీ. అయితే ఫిల్టరు వదులుగా తిరుగుతూ ఎక్కుతుంది, చివరకు బిగిసినట్లే అనిపిస్తుంది. మర పళ్లు అంచుల వద్ద మాత్రమే పట్టుకొని ఉంటాయి. చల్లని ఉదయం ఇంజను వేగం పెంచినప్పుడు ఆయిలు పీడనానికి అది ఊడిపోతే కొద్దిసేపటిలోనే ఆయిలంతా నేలపాలవుతుంది. అందువల్ల మొలను వెర్నియర్ క్యాలిపరుతో, మరల గేజితో కొలవడం తప్పనిసరి. ఫిల్టరు తిప్పేటప్పుడు మర వదులుగా కదిలితే దాన్ని వాడరాదు.

రెండవది రబ్బరు రింగు. దాని లోపలి, వెలుపలి వ్యాసాలు పీఠం మీద నునుపుగా ఉన్న వలయానికి సరిపోవాలి. రింగులో కొంత భాగం గాడిలోకి గానీ, అంచు వెలుపలికి గానీ జారితే పీడనం పెరిగినప్పుడు కారుతుంది.

మూడవది పక్కదారి కవాటం. ఆయిలు చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు లేదా ఫిల్టరు పూడుకుపోయినప్పుడు ఈ కవాటం తెరుచుకొని వడకట్టని ఆయిలునైనా బేరింగులకు పంపుతుంది. ఆయిలు అందక బేరింగులు పట్టేయడం కంటే వడకట్టని ఆయిలు అందడం మేలన్నది దీని వెనుక ఉన్న సూత్రం. కొన్ని ఇంజన్లలో ఈ కవాటం ఫిల్టరు పీఠంలో ఉంటుంది, మరికొన్నింటిలో ఫిల్టరులోనే ఉంటుంది. ఫిల్టరులో కవాటం ఉండవలసిన ఇంజనుకు కవాటం లేనిది బిగిస్తే పూడుకుపోయిన రోజున ఆయిలు ప్రవాహం తగ్గిపోతుంది. కవాటం ఉన్నా అది తెరుచుకునే పీడనం అవసరమైన దానికంటే తక్కువైతే వడపోత లేని ఆయిలు తరచుగా ఇంజనులోకి పోతుంది. ఈ భేదం బయటి రూపంలో కనిపించదు. ఫిల్టరు తయారీదారు పట్టికలో మాత్రమే తెలుస్తుంది.

నాల్గవది వెనక్కి జారనివ్వని కవాటం. డబ్బా నోటి వద్ద, చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల లోపలి వైపు పలుచని రబ్బరు పొర రూపంలో ఇది ఉంటుంది. ఫిల్టరు అడ్డంగా లేదా తలకిందులుగా అమరిన ఇంజన్లలో బండి ఆగినప్పుడు ఆయిలు తిరిగి అడుగు తొట్టిలోకి జారిపోకుండా ఇది ఆపుతుంది. ఇది లేకపోతే ప్రతి ఉదయం ఇంజను స్టార్టు చేసినప్పుడు ఫిల్టరు నిండేవరకు బేరింగులు ఆయిలు లేకుండా తిరుగుతాయి.

ఐదవది డబ్బా పరిమాణం. కాస్త పొడవైన ఫిల్టరులో కాగితం ఎక్కువ ఉంటుందని దాన్ని ఎంచుకోవడం కొందరి అలవాటు. మర, రింగు, కవాటాలు అన్నీ ఒకటే అయి, ముందు ఇరుసుకు గానీ స్టీరింగు కడ్డీలకు గానీ తగలని పక్షంలోనే అది ఆమోదయోగ్యం.

ఎలిమెంటు రకంలో పొడవు, రెండు చివరల రంధ్రాల వ్యాసం, అడుగున ఉండే స్ప్రింగు, వాషరు, గిన్నె అంచు రింగు చూడాలి. ఎలిమెంటు పొట్టిదైతే ఆయిలు దాని చివరల పక్కనుంచి వడపోత లేకుండా వెళ్లిపోతుంది. విప్పినప్పుడు స్ప్రింగు, వాషరు పాత ఎలిమెంటుతో పాటు చెత్తలో పడిపోవడం, గాడిలో పాత రింగు ఉండగానే కొత్తది వేయడం సాధారణంగా జరిగే పొరపాట్లు.

డీజిలు ఫిల్టర్లు

ఇంజెక్షను పంపులో ప్లంజరుకు, బ్యారెలుకు మధ్య ఉండే ఖాళీ కొద్ది మైక్రాన్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి కనిపించని ధూళి కణం కూడా ఆ ఖాళీలో గీతలు పెట్టగలదు. నీటి చుక్క తుప్పుకు కారణమవుతుంది. మన ప్రాంతంలో డీజిలును క్యాన్లలో తెచ్చి పొలం గట్టున ట్యాంకులో పోయడం, డెల్టా మండలాల్లో కేజి వీల్స్‌తో దమ్ము చేసేటప్పుడు బురదనీరు ట్యాంకు మూత చుట్టూ చేరడం తెలిసినదే. కాబట్టి డీజిలు ఫిల్టరు మీద పడే భారం ఎక్కువ.

చాలా ట్రాక్టర్లలో రెండు ఫిల్టర్లు వరుసగా ఉంటాయి. మొదటిది ముతక ధూళిని, నీటిని ఆపుతుంది. రెండవది సూక్ష్మ కణాలను ఆపుతుంది. రెండు గిన్నెలూ ఒకే పరిమాణంలో ఉన్న నమూనాలలో ఎలిమెంట్లు తారుమారయ్యే అవకాశం ఉంది. సూక్ష్మమైనది ముందు అమర్చితే త్వరగా పూడుకుపోయి ఇంజను శక్తి తగ్గుతుంది. ముతకది చివర అమర్చితే ధూళి నేరుగా పంపులోకి చేరుతుంది. అందుకే కొనేటప్పుడే ఏది మొదటిది, ఏది రెండవది అని డబ్బా మీద రాసి ఉంచుకోవాలి. గిన్నె మీద ఉన్న బాణం గుర్తులను, గొట్టాల దిశను సరిచూడాలి.

కొత్త తరం ట్రాక్టర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 50 హార్స్‌పవర్ పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ 4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి రావడంతో కామన్ రైల్ ఇంజన్ల వాడకం పెరిగింది. ఇవి క్రమంగా పాత ట్రాక్టర్ల విపణిలోకి కూడా వస్తాయి. వీటిలో డీజిలు పీడనం వెయ్యి బార్‌లకు మించి ఉంటుంది. పాత తరం పంపుకు సరిపోయిన ఫిల్టరు, మర కలిసినంత మాత్రాన, వీటికి పనికిరాదు. చివరి ఫిల్టరును బిగించే ముందు బయటి డీజిలుతో నింపకూడదు. వడకట్టని డీజిలు శుభ్రమైన వైపు పడితే అది నేరుగా ఇంజెక్టర్లకు చేరుతుంది. ఫిల్టరును ఖాళీగా బిగించి చేతి పంపుతో నింపడమే సరైన పద్ధతి.

ఎయిర్ క్లీనరు

ఒక లీటరు డీజిలు పూర్తిగా మండడానికి కనీసం 10 వేల లీటర్ల గాలి కావాలి. గంటకు 4 లీటర్ల డీజిలు వాడే ట్రాక్టరు గంటలో కనీసం 40 వేల లీటర్ల గాలి పీల్చుకుంటుంది. వేసవి దుక్కుల్లో, రోటవేటరు పనిలో, నూర్పిడి కళ్లాల వద్ద ఆ గాలి నిండా ధూళే. అందువల్ల పిస్టను రింగులు, లైనర్ల అరుగుదలను అదుపు చేయడంలో ఎయిర్ క్లీనరుది ప్రధాన పాత్ర.

ఆయిల్ బాత్ రకంలో కొనవలసిన ఫిల్టరు ఉండదు. గిన్నెలో గుర్తు వరకు సిఫారసు చేసిన ఆయిలు పోయడం, తీగల వలను కడగడం, రబ్బరు రింగును మార్చడమే యాజమాన్యం. గుర్తుకు మించి పోస్తే ఆయిలు గాలితో పాటు ఇంజనులోకి లాక్కోబడి, ఇంజను అదుపు తప్పి వేగం పుంజుకునే ప్రమాదం ఉంది. తక్కువ పోస్తే ధూళి ఆగదు.

పొడి రకంలో సాధారణంగా వెలుపలి ప్రధాన ఎలిమెంటు, లోపలి భద్రతా ఎలిమెంటు ఉంటాయి. ఎంపికలో పొడవు, వెలుపలి, లోపలి వ్యాసాలు, చివరి రబ్బరు మందం కొలవాలి. రబ్బరు గట్టిపడినా, ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువైనా ధూళి పక్కదారి పడుతుంది. దీన్ని గుర్తించడం తేలిక: ఫిల్టరుకు, ఇంజనుకు మధ్య ఉన్న గొట్టాన్ని విప్పి లోపల వేలితో తుడిచి చూడాలి. ధూళి అంటితే ఫిల్టరు కూర్పులో గానీ, గొట్టపు క్లిప్పులలో గానీ లోపం ఉన్నట్లే. వాడిన ట్రాక్టరు కొనే ముందు చేయదగిన పరీక్షలలో ఇంత తక్కువ శ్రమతో ఇంత సమాచారం ఇచ్చేది మరొకటి లేదు. భద్రతా ఎలిమెంటు ధర ఆదా చేయడానికి దాన్ని తీసివేసి నడిపే బండ్లుంటాయి. అటువంటి బండిలో ప్రధాన ఎలిమెంటు చిరిగిన రోజున ఇంజనుకు రక్షణ ఉండదు. ప్రధాన ఎలిమెంటును నేలకేసి కొట్టి దులపరాదు. అవసరమైతే 2 బార్‌లకు మించని గాలి పీడనంతో లోపలి నుంచి వెలుపలికి శుభ్రం చేయాలి. భద్రతా ఎలిమెంటును శుభ్రం చేయకుండా మార్చడమే మంచిది.

హైడ్రాలిక్ ఫిల్టరు

లిఫ్టు, పవర్ స్టీరింగు పనితీరు హైడ్రాలిక్ ఆయిలు శుభ్రత మీద ఆధారపడి ఉంటుంది. పంపుకు ముందు, అంటే ఆయిలు పీల్చుకునే వైపు ఉండే జల్లెడ ముతకగా ఉంటుంది. కడిగి తిరిగి వాడదగిన తీగల జల్లెడలు ఈ చోట సాధారణం. ఆయిలు తిరిగి వచ్చే దారిలో ఉండే ఫిల్టరు సూక్ష్మంగా ఉంటుంది. మరింత శుభ్రంగా ఉంటుందన్న ఉద్దేశంతో పీల్చుకునే వైపు సూక్ష్మమైన ఫిల్టరు అమర్చితే పంపుకు ఆయిలు అందక శబ్దం చేస్తూ దెబ్బతింటుంది. బయటికి ఇంజను ఆయిల్ ఫిల్టరును పోలిన డబ్బాను హైడ్రాలిక్ పీఠానికి బిగించడం కూడా ఇటువంటి పొరపాటే. రెండింటి ప్రవాహం, కవాటాల పీడనం వేరు.

మైక్రాను సంఖ్యను అర్థం చేసుకోవడం

ఫిల్టరు మీద 10 మైక్రాన్లు అని మాత్రమే రాసి ఉంటే దాని సామర్థ్యం తెలిసినట్లు కాదు. ఆ పరిమాణపు కణాలలో ఎంత శాతాన్ని ఆపుతుందన్నది ముఖ్యం. హైడ్రాలిక్ ఫిల్టర్ల పరీక్షలో దీన్ని బీటా నిష్పత్తితో సూచిస్తారు. బీటా 2 అంటే ఫిల్టరుకు ముందున్న ప్రతి రెండు కణాలలో ఒకటి దాటిపోతుంది, సామర్థ్యం 50 శాతం. బీటా 75 అంటే 75 కణాలలో ఒకటి మాత్రమే దాటుతుంది, సామర్థ్యం 98.7 శాతం. రెండు ఫిల్టర్ల మీదా 10 మైక్రాన్లు అని రాసి ఉన్నా రక్షణలో ఇంత తేడా ఉండవచ్చు. అంతర్జాతీయ ప్రమాణాలలో ఆయిల్ ఫిల్టర్లకు ఐ.ఎస్.ఓ. 4548, ఎయిర్ క్లీనర్లకు ఐ.ఎస్.ఓ. 5011, హైడ్రాలిక్ ఫిల్టర్లకు ఐ.ఎస్.ఓ. 16889 పరీక్షా పద్ధతులను నిర్దేశిస్తాయి. ఈ పరీక్షల ఫలితాలను తెలిపే తయారీదారుల ఫిల్టర్లను ట్రాక్టరు కంపెనీ ముద్ర లేకపోయినా పరిశీలించవచ్చు.

తయారీదారులు ప్రచురించే సమానార్థక పట్టికలు ఒక కంపెనీ సంఖ్యకు మరొక కంపెనీ సంఖ్యను చూపుతాయి. వీటిని ప్రారంభ సూచనగా తీసుకోవాలి. ఒకే పట్టికపై ఆధారపడకుండా రెండు వేర్వేరు పట్టికలలో సరిచూసి, ఆపై కొలతలు, కవాటాలు పోల్చి నిర్ధారించుకోవాలి. అలాగే ఒక ఫిల్టరు నుంచి ఎన్ని ఇంజన్లకు సూచన ఉందో వెనక్కి వెతికితే తమ ఇంజను ఆ జాబితాలో ఉన్నదీ లేనిదీ తేలుతుంది.

బిగించిన తరువాత పరీక్ష

పాత రబ్బరు రింగు పీఠానికి అంటుకొని ఉండిపోలేదని మొదట నిర్ధారించుకోవాలి. రెండు రింగులు ఒకదానిపై ఒకటి ఉంటే ఆయిలు ఒక్కసారిగా చిమ్ముతుంది. కొత్త రింగుకు శుభ్రమైన ఆయిలు రాసి, పీఠానికి తాకిన తరువాత డబ్బా మీద సూచించినంత మేరకు, సాధారణంగా ముప్పాతిక చుట్టు, చేతితోనే బిగించాలి. ఇంజను తక్కువ వేగంలో నడిపి, కొద్ది క్షణాలలో ఆయిలు పీడనం పెరుగుతున్నదని మీటరులో చూడాలి. పెరగకపోతే వెంటనే ఆపాలి. ఐదు నిమిషాల తరువాత ఇంజను ఆపి కారుడు పరిశీలించి, ఫిల్టరు నిండినందువల్ల తగ్గిన ఆయిలును డిప్‌స్టిక్ చూసి పోయాలి. ఒక గంట పొలం పని తరువాత మళ్లీ పరిశీలించాలి. డీజిలు ఫిల్టరు మార్చినప్పుడు గొట్టాలలోని గాలిని పూర్తిగా వదలాలి.

వాడిన ట్రాక్టరు నుంచి తీసిన మొదటి ఆయిల్ ఫిల్టరును పారవేయకుండా కోసి, కాగితం మడతలను విప్పి చూడటం ఎంతో ఉపయోగకరం. అయస్కాంతానికి అంటే రజను ఇనుము భాగాల అరుగుదలను, రాగి రంగు రేకులు బేరింగుల అరుగుదలను, అయస్కాంతానికి అంటని వెండి రంగు రేకులు పిస్టను అరుగుదలను సూచిస్తాయి. పాత యజమాని చెప్పని చరిత్రను ఆ కాగితం కొంతవరకు చెబుతుంది. డీజిలు ఫిల్టరు గిన్నె అడుగున నీరు, తుప్పు కనిపిస్తే ట్యాంకును కూడా శుభ్రం చేయించాలి.

గత చరిత్ర తెలియని ట్రాక్టరుకు కొన్న వెంటనే అన్ని ఫిల్టర్లు, ఆయిళ్లు మార్చి ఆ రోజును లెక్కకు ప్రారంభంగా తీసుకోవడం మంచిది. మొదటిసారి మార్చిన ఆయిలు, ఫిల్టరు లోపలి పాత మడ్డిని కడిగి పట్టుకుంటాయి కాబట్టి సుమారు 50 గంటల తరువాత మరొకసారి మార్చి, ఆపై కంపెనీ సూచించిన వ్యవధిని పాటించాలి. గంటల మీటరు పనిచేయని బండికి డీజిలు లెక్క తోడ్పడుతుంది. గంటకు సగటున 4 లీటర్లు వాడే ట్రాక్టరు వెయ్యి లీటర్లు వాడితే 250 గంటలు నడిచినట్లు.

విస్తరణలో చేపట్టదగిన పనులు

కృషి విజ్ఞాన కేంద్రాలు, యంత్రాల అద్దె కేంద్రాలు తమ పరిధిలో తరచుగా కనిపించే ట్రాక్టరు నమూనాలకు ఫిల్టరు నమోదు పుస్తకం తయారు చేయవచ్చు. అందులో నమూనా, ఇంజను సంఖ్య శ్రేణి, ఫిల్టరు సంఖ్య, మర కొలత, రింగు వ్యాసాలు, పక్కదారి కవాటం ఉన్న చోటు, ఎయిర్ క్లీనరు రకం అన్న వరుసలు చాలు. పుస్తకంలో రాసినదానికి, బండి మీద కొలిచినదానికి తేడా వస్తే ఆ తేడాను కూడా నమోదు చేయాలి. మండలంలో ఏ నమూనాలకు ఎటువంటి మార్పులు జరుగుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా ఈ నమోదును అప్పగిస్తే గేజీల వాడకం, ప్రమాణాల అవగాహన, రైతులతో సంభాషణ ఒకే పనిలో అలవడతాయి.

రైతు స్థాయిలో ఒక చిన్న అట్టముక్క సరిపోతుంది. ఇంజను సంఖ్య, నాలుగు ఫిల్టర్ల సంఖ్యలు, చివరగా మార్చిన తేదీ రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి టూల్ బాక్సులో ఉంచుకోవాలి. దుకాణంలో ట్రాక్టరు పేరుకు బదులు ఆ అట్టముక్కను చూపితే తప్పు ఫిల్టరు వచ్చే అవకాశం చాలావరకు తగ్గుతుంది. ట్రాక్టరును మరొకరికి అమ్మినప్పుడు తాళంచెవితో పాటు దాన్ని కూడా అప్పగిస్తే కొత్త యజమాని మొదటి సర్వీసు సరైన సమాచారంతో మొదలవుతుంది.